నాలుగో ప్రశ్న

ట్యాబులో పదకొండు ప్రశ్నలు.
ఇంటికి ఏడు నిమిషాలని లెక్క.
చండూరులో బస్సు దిగి, ఆటోకు ఇరవై ఇచ్చి,
పత్తిచేల నడుమ మట్టిబాట పట్టి పోతే
ఊళ్లో ముందు నన్ను చూసింది కుక్క,
తర్వాత ఈదమ్మ.

చూడటమంటే మెడ తిప్పి కాదు.
ఆమెకు మెడ తిరగదు.
కీలు బిగిసిన తలుపులా
మనిషి మొత్తం తిరిగింది.

ఇంట్లో నల్లా ఉందా?
"నీ కండ్ల ముందలే ఉన్నది గద బిడ్డా."
ఉంది. వాకిట్లో నీలం పైపు,
దాని మూతికి చుట్టిన పాత చీరపేలిక,
కింద నోరు తెరిచిన స్టీలు బిందె.
పొద్దున ఆరున్నరకొస్తయట, గంటసేపు.

నీళ్ల రంగు, రుచి, వాసన?
"మొదలు వచ్చిన్నాడు నేను తాగలే.
మందు వాసన కొట్టినయి.
మా బోరింగు నీళ్లు నడెండకాలం గూడ ఎంత సల్లగుండె!
పప్పుడకకపోయేది గని,
చేను కాడికెల్లి వచ్చి దోసిలి పడితే
పానం లేసొచ్చేది."

నాకు నవ్వొచ్చింది.
నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం
ఐదో తరగతి నుంచీ అలవాటు.
ఆమె చెయ్యిని చూడలేదు,
చెయ్యి దాచినదాన్ని చూసింది.
"మా దిక్కుదానివే. ఏ ఊరు?"
"మర్రిగూడ మండలం, అమ్మా."
"మరి గట్ల చెప్పు" అని
కూర్చోమని గడపలో గోనెపట్ట పరిపించింది.

మరుగుదొడ్డి ఉందా?
ఉంది. ఇంటెనక, పసుపు గోడలు, రేకు తలుపు.
తలుపు మీద ఆమె పేరు, ఓ నంబరు.
కట్టిన్నాడు దాని పక్కన నిలబెట్టి ఫొటో తీశారట.
"సక్కగ నిలవడవే ముసలీ అన్నడు ఆ పిలగాడు.
నేను సక్కగ నిలవడి ఎన్నేండ్లాయె?
ఉన్నకాడికి దించుకో అన్న."

వాడుతున్నారా?
జవాబు చెప్పలేదు. లోపలికి రమ్మంది.

బేసిన్ మీద
ఏదో ఫంక్షన్ హాలు నుంచి వచ్చిన
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ,
నడుమ గుండ్రంగా కోసి ఉంది.
కోసిన అంచుకు సైకిల్ ట్యూబు చుట్టారు,
తొడలు గీరకుండా.
"వడ్ల సత్తెయ్య కోసిండు. పైస తీసుకోలే.
నా మోకాళ్లు మడిగి పదమూడేండ్లు.
కూసునే దొడ్డి కట్టిచ్చిండ్రు సర్కారోళ్లు, మంచిదే,
కూసునే కాళ్లు యాడున్నయి?"

జిల్లా మీటింగులో తెర మీద పటం చూపించారు.
ఒక్కో మండలం పచ్చబడుతుంటే
చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.
అబద్ధంగా కాదు.
మా అమ్మ నడుం మీద మోసిన బిందెలు తలుచుకునే కొట్టాను.
ఆ పచ్చరంగులో ఈ ఇంటి వంతు ఎంతో,
అందులో సత్తెయ్య రంపం వంతెంతో
ఎవరు విడదీస్తారు?

కుర్చీకి గడి లేదు.
అవును, కాదు, వర్తించదు.
చివరన చిన్న డబ్బా, ఇతర వివరాలు:
యాభై అక్షరాలు మించరాదు.
రాశాను, కొట్టేశాను.
రాశాను, సిగ్నల్ పోయింది.
"ఏం రాస్తున్నవ్ బిడ్డా గింతసేపు?"
"నీ కుర్చీ గురించి."
"సత్తెయ్య పేరు గూడ రాయి."

అప్పుడొచ్చాడు వాకిట్లోకి మనవడు, విశాల్.
నల్లా వచ్చిన ఏడాది పుట్టాడట.
బిందె కింద కారిన చెమ్మలో
చీమల బారు కనబడింది వాడికి.
ఠక్కున గొంతుక్కూచున్నాడు,
మడిమల మీద, మోకాళ్లు చెవులకంటేలా,
అసలదొక పని కాదన్నట్టు.

ఈదమ్మ తలుపులా మళ్లీ తిరిగింది,
మెల్లగా, మొత్తంగా.
"సూడు" అంది.
ఇంకేం అనలేదు.

వాడు చీమల్ని లెక్కపెడుతూ
పన్నెండు దగ్గర తప్పి
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.
నేను ఐదో ప్రశ్నకింకా పోలేదు.
ఏడు నిమిషాలు ఎప్పుడో దాటినయి.